కాకి సంఘంలో లింబాద్రి

ఆ సన్న తీగలు ఆగేవా, తెగేవా? లింబాద్రి గురించి ఎక్కడ మొదలుపెట్టినా చివరికి ఈ ప్రశ్న దగ్గరికే వచ్చి నిలబడవలసి వస్తుంది కాబట్టి ముందే చెప్పేయడం మంచిది. జవాబు మాత్రం అడగవద్దు. లెక్క తెలిసినవాళ్లు రెండు రకాలుగా చెప్పారు. లెక్క తెలియనివాళ్లూ రెండు రకాలుగానే చెప్పారు.

లింబాద్రిది మెట్‌పల్లి దాపున పసుపు పండించే ఊరు. ఖతర్‌కు వచ్చి పందొమ్మిదేళ్లయింది. మొదట్లో గొట్టాలు మోశాడు, తర్వాత గొట్టాలు బిగించాడు, ఎనిమిదేళ్లుగా గొట్టాలను అనుమానించడమే అతని ఉద్యోగం. కట్టే భవనం చుట్టూ ఇనుప గొట్టాలతో, చెక్క పలకలతో లేపే తాత్కాలిక అంతస్తులనే స్కాఫోల్డింగ్ అంటారు. దాని మీద ఎవరు కాలు పెట్టాలన్నా ముందు ఇన్‌స్పెక్టర్ ఎక్కి చూడాలి. బాగుంటే నిచ్చెన దగ్గర ఆకుపచ్చ ట్యాగ్ కట్టి, తేదీ వేసి, సంతకం పెట్టాలి. బాగోకపోతే ఎర్ర ట్యాగ్. ఎర్ర ట్యాగ్ వేలాడుతుంటే కంపెనీ ఓనరైనా సరే, కిందనే నిలబడాలి.

సైట్‌లో అతనికి రెడ్ ట్యాగ్ లింబాద్రి అని పేరు. ఫోర్‌మన్ వచ్చి, "యల్లా లింబాద్రీ, పని ఆగింది, సంతకం కొట్టు" అంటే, చేతిలోని పానాతో ఇంకో బోల్టు తట్టి చూస్తూ, "నా సంతకం మీద మనుషులు నిలబడుతరు సార్, జర ఆగుండ్రి" అనేవాడు. ఆ భయం సైట్ గేటు దగ్గర ఆగేది కాదు. బిర్కత్ అల్ అవామిర్ క్యాంప్‌లో తన గది నుంచి బయటికి వెళ్లేముందు రైస్ కుక్కర్ ప్లగ్ మూడుసార్లు చూసేవాడు. సెలవుకు ఊరికి పోయేటప్పుడు విమానంలో తన బెల్టు పెట్టుకున్నాక పక్కవాడి బెల్టు కూడా ఓసారి లాగి చూసేవాడట. పక్కవాడు ఉరిమి చూస్తే, "ఏం లేదు అన్నా, అలవాటు" అనేవాడు.

ఇలాంటి మనిషి మేనల్లుణ్ణి గల్ఫ్‌కు తెచ్చుకున్నాడు. అక్క ఎల్లవ్వ కొడుకు తిరుమల, ముప్పయ్యొక్క ఏళ్లవాడు, బక్కపలచని మనిషి, అదే కంపెనీలో రిగ్గర్. క్రేన్ కొక్కేనికి సామాను తగిలించి, చేత్తో సైగ చేసి పైకి పంపడం అతని పని. వారానికి రెండుసార్లు ఎల్లవ్వ తమ్ముడికి ఫోన్ చేసేది.

"దుబాయ్‌ల నువ్వున్నవ్ గద తమ్మీ, ఇగ నాకేం రంది?"

"ఇది దుబాయ్ కాదక్కా, ఖతర్."

"ఏదైతేంది. నువ్వున్న దుబాయే. పోరన్ని జర చూస్కో."

ఫోన్ పెట్టేశాక లింబాద్రికి కాసేపు అన్నం సహించేది కాదు. రంది అంతా అక్క దగ్గరి నుంచి లేచి వచ్చి తన మీద కూర్చున్నట్టుండేది.

సంఘం మొదలైంది ఒక గురువారం సాయంత్రం, మెస్ హాల్లో. కంపెనీలో డ్రాయింగులు గీసే సుధాకరరావుది తణుకు వైపు. మార్చి నెలాఖరుకు ఉద్యోగం ముగించుకుని ఇంటికి వెళ్లిపోబోతున్న పెద్దమనిషి. పాత పుస్తకాల పిచ్చి. ఆ రోజు ఆయన కొన్ని ప్రింటు కాగితాలు తెచ్చి, పప్పు గిన్నె పక్కకు జరిపి బల్ల మీద పరిచాడు.

"నూట అరవై ఏళ్ల కిందట పారిస్‌లో ఒక సంఘం పెట్టారండి. గాలికన్నా బరువైనదాన్ని ఎగరేద్దామని. అప్పటికి పైకి వెళ్లేవి బెలూన్లే కదా, బరువైనది ఎలా ఎగురుతుందని లోకం నవ్వింది. అయినా మూడేళ్లు తిరక్కుండానే లండన్‌లో ఇంకో సంఘం. ఊరికే సంఘం కాదండోయ్, ఏడాదికో నివేదిక, నెలనెలా వాదనలు, అద్దాల మేడలో ప్రదర్శన కూడాను."

"మరి ఎగిరినయా సార్?" అన్నాడు తిరుమల, ముద్ద నోటి దగ్గర ఆపి.

"ఎక్కడండీ! ఇంజను పెట్టి మనిషి ఎగరడానికి ఇంకో నలభై ఏళ్లు పట్టింది. వీళ్లు మాట్లాడుకున్నారు, రాసుకున్నారు, కొట్టుకున్నారు."

"మంచి సంఘం సార్ అది" అన్నాడు లింబాద్రి మనస్ఫూర్తిగా. బల్ల చుట్టూ నవ్వారు. అతను నవ్వులాటకు అనలేదు.

ఆ కాగితాల్లోనే తర్వాతి కాలపు బొమ్మ ఒకటి ఉంది. ఇంజను లేని గాలి బండి. ఒకదాని మీద ఒకటిగా రెండు రెక్కలు, మధ్యలో నిలువు గుంజలు, గుంజల మధ్య ప్రతి గడిలోనూ ఇంటూ గుర్తులా రెండు తీగలు. కింది రెక్క నడుమ మనిషి వేలాడుతున్నాడు. తిరుమల దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"మామా, ఇది మన స్కాఫోల్డింగే గద! రెండంతస్తులు, నిలువుకు స్టాండర్డులు, ఇంటూకు బ్రేసింగులు. గుడ్డ ఒక్కటే కొత్త."

లింబాద్రి చూశాడు. నిజమే. కాగితం తిరుమల చేతిలోంచి తీసుకుని బల్ల మీద బోర్లా పెట్టాడు.

"పొద్దంత సామాను పైకి పోతది, నేను కింద నిలవడి చెయ్యూపుత" అన్నాడు తిరుమల. "ఏడేండ్ల సంది గిదే. ఒక్కపారి నేను పోవాలె. నడుమెత్తు పోయినా సాలు."

అలా నలుగురయ్యారు. నాలుగోవాడు గౌస్ మొహియుద్దీన్, రాయచోటి మనిషి. ఒకప్పుడు ఇదే కంపెనీ బస్సు నడిపి, ఇప్పుడు మదీనత్ ఖలీఫాలో ఒక కుటుంబానికి హౌస్ డ్రైవర్. అతని భార్య జీనత్ అదే విల్లాలో వంట చేస్తుంది. రెక్కల గుడ్డ కుట్టడానికి ఆమె ఐదో సభ్యురాలైంది. అరబ్బు ఆడవాళ్లు పైన తొడుక్కునే అబాయాల లోపల వేసే పలుచటి నల్ల లైనింగ్ గుడ్డను మేడమ్ పాత కుట్టుమిషన్ మీద కుట్టి, గాలి దూరకుండా నీళ్లు కలిపిన ఫెవికాల్ పూసి ఆరబెట్టింది. పరదాలు మార్చినప్పుడు విల్లాలో పారేసిన అల్యూమినియం గొట్టాలను గౌస్ తెచ్చిపెట్టాడు.

"నల్లగా ఉండాది, ఎగిరేది తెలీదు, అరుపులు మాత్రం శానా" అన్నాడు గౌస్ మొదటి సమావేశంలోనే. "కాకి అని పేరు పెట్టండి సామీ."

క్యాంప్ వెనక పాత స్టోర్ షెడ్‌లో పని. క్యాంప్ బాస్ అడిగితే టెంట్ అన్నారు. అనుమతి లేకుండా ఇలాంటిదాన్ని నడుమెత్తు లేపితే ఏమవుతుందో వాళ్లలో ఎవరికీ సరిగ్గా తెలియదు. తెలియకపోవడం నలుగురికి ధైర్యం ఇచ్చింది, లింబాద్రి మాత్రం షెడ్ గడియ వేసిందో లేదో రెండుసార్లు చూసుకునేవాడు. సుధాకరరావు లాగ్‌బుక్ ఒకటి తెచ్చి, ఆ పాత సంఘాల వాళ్లలాగే సమావేశాల నివేదిక రాసేవాడు. నియమాలు కూడా రాశాడు. అందులో అందరికీ గుర్తున్నది ఒక్కటే: లింబాద్రి గారు ఆకుపచ్చ ట్యాగ్ కట్టనిదే కాకిని ఎవరూ ఎక్కరాదు.

ఈ నియమం పెట్టించింది లింబాద్రే. సంఘంలో చేరిందే అందుకు. బయట ఉంటే వద్దని అనగలడు, లోపల ఉంటే ఆపగలడు.

ఆ పాత కాగితాల్లో ఇంకో సంగతి అతనికి బాగా నచ్చింది. లండన్ సంఘం వాళ్లు ఒక పొడుగాటి పెట్టె చేసి, ఒక వైపు నుంచి గాలి ఊది, లోపల చిన్న చిన్న రెక్కలు పెట్టి చూసేవారట.

"మనం గూడ గా డబ్బానే చేద్దాం సార్. ఎగ్జాస్ట్ ఫ్యాన్ నేను తెస్త. నాలుగేండ్లు మంచిగ చూద్దాం."

"డబ్బాల నేను పడతనా మామా?" అన్నాడు తిరుమల.

"నువ్వెందుకు పడాలె? నీ అంత బొమ్మ పెడదాం."

"బొమ్మ పడతది గని, బొమ్మకు ఎగరాలని ఉండదు."

ప్రతి సమావేశంలోనూ లింబాద్రి పెట్టె సంగతి ఎత్తేవాడు, ప్రతి సమావేశంలోనూ అది వీగిపోయేది. సుధాకరరావు దాన్ని కూడా నిజాయితీగా నివేదికలో రాసేవాడు.

చలికాలమంతా కాకి మీద ఎర్ర ట్యాగులు వేలాడాయి. గుంజ ఒకటి వెంట్రుకవాసి వంగిందని ఒక ఎర్ర ట్యాగ్. జీనత్ కుట్టు రెండు చోట్ల వదులుగా ఉందని ఇంకొకటి. ఆ కబురు గౌస్ ఫోన్లో చెబితే, జీనత్ ఫోను లాక్కుంది.

"అన్నా, పద్దెనిమిదేండ్లు ఇంట్లో కుట్టినా నేను. మీ గొట్టాలు ఊడిపోతే పోతాయి గానీ నా కుట్టు ఊడదు. కావాలంటే మీ రెడ్ ట్యాగ్ పంపించు, అదీ కుట్టి ఇస్తా."

కానీ కుట్టు మళ్లీ వేసింది. గుంజ మార్చారు. మనిషిని వేలాడదీసే జీను పట్టీలు, ముక్కు దగ్గరి తాడు, కొక్కెం, అన్నీ మార్చారు. ఫిబ్రవరి నడిమికల్లా ఏడు ఎర్ర ట్యాగులు అయిపోయాయి. లింబాద్రి షెడ్‌లో కాకి చుట్టూ తిరుగుతూ ఎనిమిదో దానికి కారణం వెతికాడు. దొరకలేదు. అతని పనిలో ఒక నీతి ఉంది. తప్పు కనబడ్డప్పుడు ఆకుపచ్చ కట్టడం ఎంత పాపమో, తప్పు లేనప్పుడు ఎర్ర కట్టడం కూడా అంతే. రెండూ దొంగ సంతకాలే. పైగా మార్చి వస్తే సుధాకరరావు వెళ్లిపోతాడు, ఎండలు ముదురుతాయి. తిరుమల మాత్రం పని అయ్యాక జీనులో దూరి, కాళ్లు వేలాడదీసి, షెడ్ రేకు కప్పు వైపు చూస్తూ ఉండేవాడు. ఆ చూపు చూసిన ప్రతిసారీ లింబాద్రికి అక్క గొంతు వినబడేది.

"లోడ్ టెస్ట్ చేస్త" అన్నాడు చివరికి.

స్కాఫోల్డింగ్‌కు లోడ్ టెస్ట్ అంటే అతనికి కళ్లు మూసుకుని చేయగలిగిన పని. కాకిని నడుమ దిమ్మ మీద నిలబెట్టి, రెక్కల మీద ఇసుక సంచులు సమంగా పేర్చాడు. తిరుమల బరువుకు రెండింతలు. రెక్కల చివర్లు కొంచెం కిందికి వంగి ఆగాయి. ఒక రాత్రి అలాగే ఉంచాడు. పొద్దున వచ్చి ఒక్కో తీగనూ వేలితో మీటి చూశాడు. ప్రతి గడిలో ఉన్న రెండు తీగల్లో ఒకటి తంబూరాలా బిగిసి ఉంది. రెండోది వదులుగా వేలాడుతోంది.

"కాకి ఇంకా నాలుగు కిలోలు ఎక్కువుందండీ" అన్నాడు సుధాకరరావు లెక్క చూసుకుని. "ఎక్కడైనా తగ్గించాలి."

లింబాద్రి వదులు తీగలను చూపించాడు. "గివి పని లేనోళ్లు సార్. అంత బరువు పెడితే గూడ ఊకనే ఉన్నయి. పని లేనోళ్లకు గింత దొడ్డు తీగ, గిన్ని ఇనుప బిగింపులు ఎందుకు?"

సుధాకరరావు తలూపాడు. ఆయన బతుకంతా గీసింది డ్రైనేజీ పైపులు. లింబాద్రి తన చేతులతోనే ఆ తీగలన్నీ విప్పి, బిగింపులతో సహా తీసేసి, వాటి చోట కాంక్రీటు కడ్డీలు కట్టే సన్నటి బైండింగ్ వైరు వేసి మెలిపెట్టాడు. కాకి తేలికైంది. ఆ మధ్యాహ్నం ఆకుపచ్చ ట్యాగ్ తీసి, తేదీ వేసి, కాసేపు పెన్ను పట్టుకుని నిలబడి, సంతకం పెట్టాడు. తిరుమల వెనకనుంచి వచ్చి మామను అమాంతం ఎత్తి దించాడు. "ఇగ చూడు మామా! ముందుగాల నువ్వు ఎగిరినవ్!"

శుక్రవారం తెల్లారగానే బయలుదేరారు. గౌస్ తన యజమాని పాత పికప్ అడిగి తెచ్చాడు. కాకి రెక్కలు విప్పి, దుప్పట్లు చుట్టి పడుకోబెట్టారు. జీనత్ పులిహోర కలిపి తెచ్చింది. ఉత్తరానికి పోయే రోడ్డంతా లింబాద్రి వెనక కూర్చుని తాళ్లు పట్టి చూస్తూనే ఉన్నాడు. అల్ రువైస్ ఇంకా రాకముందే, సముద్రం వైపు ఒక మట్టి దారి పట్టి, గట్టి నేల ఉన్న మైదానంలో ఆపారు. దూరంగా చేపల పడవలు. ఉత్తరపు గాలి, షమాల్, చెవుల దగ్గర గుసగుసలాడుతూ మొదలై, కాకిని బిగించేసరికి గట్టిగానే వీస్తోంది.

ఏర్పాటు తేలికైనదే. ముక్కుకు కట్టిన తాడు రెండో కొస పికప్‌కు. గౌస్ నెమ్మదిగా నడుపుతాడు. జీనత్ పికప్ వెనక కూర్చుని, కాకి పరిస్థితి చూసి దుపట్టా ఊపుతుంది, ఊపితే పోవడం, దించితే ఆగడం. కుడి రెక్క కొన సుధాకరరావు, ఎడమ రెక్క కొన లింబాద్రి పట్టుకుని నాలుగడుగులు పరుగెత్తి వదిలేయాలి. నడుమ తిరుమల.

తిరుమల జీను తగిలించుకున్నాడు. లింబాద్రి పట్టీలు లాగి చూశాడు. మళ్లీ లాగి చూశాడు.

"మామా, ఇగ చాలు. మెడకు గూడ బెల్టు పెట్టెటట్టున్నవ్."

"గాలి ఎక్కువున్నది రా."

"గాలి కోసమే గద అచ్చినం."

ఎడమ రెక్క కొనకు వెళ్లి పట్టుకున్నాడు. గాలి ఒక విసురు విసిరింది. నల్లగుడ్డ పొంగింది. ఇంతసేపూ అతని చేతిలో బరువుగా ఉన్న కొన తేలికైపోయి, తర్వాత పైకి లాగడం మొదలుపెట్టింది. మోయడం లేదు ఇప్పుడు, ఆపుతున్నాడు. పందొమ్మిదేళ్ల అలవాటు కొద్దీ లింబాద్రి వేలు తనంతట తానే పక్కనున్న తీగ మీదికి పోయింది. దొడ్డు తీగ. వదులుగా ఉంది. షెడ్‌లో తంబూరాలా మోగిన తీగ ఇక్కడ పాత దండెంలా వేలాడుతోంది. వేలు రెండోదాని మీదికి పోయింది. సన్న బైండింగ్ వైరు, పని లేనిది, సన్నగా కూత పెడుతోంది.

ఒక్క క్షణం అర్థం కాలేదు. మరుక్షణం అంతా అర్థమైంది. స్కాఫోల్డింగ్ మీదికి బరువు ఎప్పుడూ పైనుంచే వస్తుంది. మనిషి, ఇటుక, సిమెంటు, ఏదైనా పైనే నిలబడుతుంది. అతని జీవితంలో కింది నుంచి వచ్చిన బరువు లేదు. గాలి కింది నుంచి ఎత్తుతుంది. తాను ఇసుక పెట్టింది పైన. తాను బలం చూసింది నేల మీద ఊరికే నిలబడే కాకికి. ఎగిరే కాకిని మోయవలసిన తీగలన్నీ తన చేతులతో తీసేశాడు.

"ఆపుండ్రి!" అని కేక పెట్టాడు. "రెడ్! రెడ్! దింపుండ్రి!"

"మొదలుపెట్టినాడప్పా" అంటూ అటు పికప్‌లోంచి గౌస్ నవ్వు. గాలిలో అది సగమే వినబడింది.

"సార్, వదలకుండ్రి! తీగలు ఉల్టా ఉన్నయి! నేను ఉల్టా చూసిన!"

సుధాకరరావు తెల్లబోయి చూశాడు. నాలుగు నెలల్లో ఏడు ఎర్ర ట్యాగులు చూసిన మనిషి. ఇది ఎనిమిదోది అనుకున్నాడో, నిజంగా వినబడలేదో, కొన పట్టుకుని నిలబడ్డాడే గానీ, ఆగమని తిరుమలకు చెప్పలేదు.

"మామా, నోరు మూస్కో జర" అన్నాడు తిరుమల, ముందుకే చూస్తూ. అతని కాళ్లు అప్పుడే మునివేళ్ల మీద ఉన్నాయి. "జీనతక్కా! ఊపు!"

దుపట్టా లేచింది. తాడు నేల మీంచి లేచి బిగిసింది.

లింబాద్రి కొన వదలలేదు. వదిలితే రెక్క లేస్తుంది. నడుముకు వేలాడే పానా ఎప్పుడు చేతిలోకి వచ్చిందో, కుడి చేత్తో దాన్ని ఎత్తి దగ్గరి గుంజ మీద కొట్టాడు. అల్యూమినియం గొట్టం మధ్యలో మడతపడింది. ఇంకో దెబ్బ. పై రెక్క కింది రెక్క మీద కూలబడింది. గుడ్డ చిరిగింది గానీ, జీనత్ చెప్పినట్టే, కుట్టు ఊడలేదు. కాకి ఎడమ వైపుకు ఒరిగి, తిరుమలను రెండు బారల దూరం మోకాళ్ల మీద ఈడ్చింది. జీనత్ దుపట్టా వదిలేసి రెండు చేతులతో పికప్ రేకును బాదింది. బండి ఆగింది.

 తిరుమల జీను విప్పుకుని లేచాడు. మోకాళ్లు చీరుకుపోయాయి. మామ చేతిలోని పానా వైపు చూశాడు.

"సంతకం పెట్టినవ్ గదనే."

"పెట్టిన. తప్పు పెట్టిన." లింబాద్రి గబగబా చెప్పాడు. ఇసుక సంగతి, గాలి సంగతి, సన్న తీగల సంగతి. మాటలు ముందువి వెనక, వెనకవి ముందు వచ్చాయి. "తెగితె నువ్వు తలకిందులు పడేటోనివి రా. మీ అవ్వకు నేనేం చెప్పాలె?"

"తెగునో తెగకపోవునో, ఎవలు చూసిండ్రు?"

"చూసినంక ఏం చేస్తం రా?"

"నడుమెత్తు మామా. నడుమెత్తు నుంచి పడితె సస్తనా? ఏడేండ్లు ఆగిన." తిరుమల మోకాలి మీది నెత్తురు అరచేత్తో తుడిచాడు. "నీకు భయం. మొదటి సంది నీకు భయమే. తీగలు అని ఒక పేరు దొరికింది, గంతే."

గౌస్ మధ్యలోకి వచ్చి, "మనిషి బాగుండాడు కదప్పా, పోనీ" అన్నాడు. జీనత్ నీళ్ల సీసా తెచ్చి తిరుమల మోకాళ్లు కడిగింది. తిరుమల లేచి పికప్‌లోంచి కటింగ్ ప్లయర్ తీసుకుని, కాకిలో మిగిలిన తీగలన్నీ, దొడ్డువీ సన్నవీ, ఒక్కటి వదలకుండా కత్తిరించి సముద్రం వైపు విసిరేశాడు. పులిహోర ఎవరూ తినలేదు.

తర్వాత సుధాకరరావు లెక్క వేశాడు. ఆనాటి గాలి ఒక అంకె అనుకుంటే సన్న తీగలు ఆగుతాయి. ఇంకో అంకె అనుకుంటే తెగుతాయి. ఏ అంకె సరైనదో రాసుకున్నవాళ్లు లేరు. "మీరు చూసింది మాత్రం సరైనదేనండి" అన్నాడాయన లింబాద్రితో. "బరువు కింది నుంచే వస్తుంది. నాకూ తట్టలేదు, సిగ్గుపడాలి." ఆ మాట లింబాద్రికి ఊరటనివ్వలేదు. తప్పు ఆ రోజు బయటపడింది గనక తెలిసింది. బయటపడనివి ఎన్ని ఉన్నాయో?

ఆ అనుమానం సైట్‌కు కూడా వచ్చింది. ఇదివరకు సంతకం పెట్టిన స్కాఫోల్డింగులు మళ్లీ ఎక్కాడు. ఎక్కి దిగాక పక్కదానికి పోయేలోపల మొదటిదాని దగ్గరికి తిరిగివచ్చాడు. పెన్ను ట్యాగ్ మీద ఆనించి నిలబడేవాడు, చెయ్యి కదిలేది కాదు. మేస్త్రీలు గొణిగారు. ఫోర్‌మన్ ఈసారి అరవలేదు, "తబియత్ ఠీక్ హై నా, లింబాద్రీ?" అని మెల్లగా ఆరోగ్యం అడిగాడు. దాంతో ఇంకా భయం వేసింది.

తిరుమల అదే గదిలో ఉన్నాడు. మాట మాత్రం లేదు. ఒక గిన్నెలో వండుకునే ఇద్దరూ రెండు గిన్నెలు పెట్టుకున్నారు.

"పోరడు ఫోన్‌ల నీ ముచ్చటే తీస్తలేడు తమ్మీ" అంది ఎల్లవ్వ. "ఏమయింది మీకు?"

"ఏం కాలేదక్కా. డ్యూటీలు వేరే వేరే పడ్డయి."

"మంచిగున్నడు గద?"

"మంచిగున్నడు" అన్నాడు లింబాద్రి. అబద్ధం కాదు. ఆ ఒక్క మాట కోసమే కదా అదంతా.

మార్చి నెలాఖరున సుధాకరరావు వెళ్లిపోతూ లాగ్‌బుక్ తిరుమలకిచ్చి వెళ్లాడు. వచ్చే చలికాలానికి ఇంకో కాకి కడతానని తిరుమల గౌస్‌తో అన్నాడట. ట్యాగ్ అక్కర్లేదు, ఎవరి సంతకమూ అక్కర్లేదు అన్నాడట. గౌస్ ఆ సంగతి చెప్పి, "నువ్వు ఒక్కసారి మాట్లాడరాదా అన్నా" అన్నాడు. లింబాద్రి ఎంత ఆలోచించినా తన దగ్గర రెండే మాటలున్నాయి. వద్దు అంటే వాడు వినడు. కట్టుకో అంటే ఆ మాట కూడా ఒక సంతకమే, తన సంతకం మీద తనకే నమ్మకం లేదు. వారం తిరక్కుండా కంపెనీలో కాగితం పెట్టాడు, ఆరోగ్యం బాగాలేదు, ఉద్యోగం మాని ఇంటికి పోతానని. తిరుమలకు చెప్పలేదు. చెబుదామని రోజూ అనుకున్నాడు.

వెళ్లే ముందు రాత్రి తిరుమలకు డ్యూటీ పడింది. పొద్దున వచ్చి స్నానం చేసి, పక్క మంచం కింద సర్దిపెట్టిన పెట్టె చూశాడో లేదో, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. లింబాద్రి అతని పెట్టె మీదున్న లాగ్‌బుక్ తీశాడు. సుధాకరరావు గుండ్రటి అక్షరాల కింద, ఖాళీగా ఉన్న చోట, తన వంకర రాతతో రాశాడు. రెక్కను బోర్లించి ఇసుక పెట్టాలె. తీగలన్నీ దొడ్డువే ఉండాలె. పని లేని తీగ అనేది ఉండదు. మనిషి బరువుకు మూడింతలు పెట్టి, రెండు రోజులు ఉంచాలె. గాలి ఎంతున్నదో ముందుగాల రాసుకోవాలె. కింద సంతకం పెట్టబోయి పెట్టలేదు. పుస్తకం ఉన్నచోటే పెట్టాడు.

పది గంటలకు ఎయిర్‌పోర్టు బండి వచ్చింది. బయట డ్రైవర్ తలుపు వేసిన చప్పుడు. లింబాద్రి మంచం పక్కన నిలబడ్డాడు. తిరుమల ఒక చెయ్యి మంచం బయటికి జారింది, వేళ్లు కొంచెం వంగి, క్రేన్‌కు ఆగమని సైగ చేసినట్టో, పొమ్మని చేసినట్టో. ఊపిరి ఎక్కుతోంది, దిగుతోంది. నిద్రో, నిద్ర నటనో, ఇన్నేళ్లు ఒక గదిలో ఉన్నవాడికి కూడా తెలియలేదు. లేపితే పోయొస్త అనాలి. తిరిగి రానివాడు ఆ మాట ఎట్లా అంటాడు? అనకుండా నిలబడితే, వాడు కళ్లు తెరిచి, ఇంకో కాకి కట్టనా వద్దా అని అడిగితే?

"యల్లా భాయ్!" అని బయటి నుంచి కేక.

జారిన చేతిని దుప్పటి మీదికి ఎత్తబోయి, నిద్ర చెడుతుందని ఆగిపోయాడు. పెట్టె చక్రాలు చప్పుడు చేస్తాయని చేత్తోనే ఎత్తుకున్నాడు. తలుపు నెమ్మదిగా దగ్గరికి వేసి, వరండాలో చెప్పులు తొడుక్కుని, ఎండలోకి నడిచి బండి ఎక్కాడు.